పిక్కల వరసలు: గుణకారం మీద మీ ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గుణకారం మీదే. జూన్‌లో బడులు తెరిచాక మూడో తరగతి పిల్లలున్న ఇళ్ళలో ఎక్కాల గొడవ మొదలవడం నాకు తెలిసిన విషయమే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈ పేజీలు దీనికే ఇస్తున్నాను. నేను పనిచేసినవన్నీ చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు ప్రాథమిక పాఠశాలలు. అక్కడి పిల్లలతో నేల మీద కూర్చుని పేర్చి, విరిచి, పనికొచ్చాయని తేల్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ఓ తల్లి, బొబ్బిలి

నమస్తే మేడమ్. మా గుంటడు మూడో తరగతి. పది వరకూ ఎక్కాలు గడగడా అప్పజెప్పేస్తాడు. కానీ "ఏడు ఎనిమిదులు ఎంత" అని మధ్యలోంచి అడిగితే ఏడొకట్లు ఏడు దగ్గర్నుంచి మొదలెట్టి వేళ్ళు ముడుచుకుంటూ వస్తాడు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే మళ్ళీ మొదటికి. రోజూ రాత్రి నాకూ వాడికీ టెన్షనే. ఇంకా ఎక్కువసార్లు చదివించాలా?

ముందు ఆ రాత్రి చదివింపులు ఆపేయండమ్మా. పది ఎక్కాలు కంఠతా వచ్చిన పిల్లాడికి జ్ఞాపకశక్తిలో లోటేమీ లేదు. ఇంకో వందసార్లు చదివించినా ఇదే జరుగుతుంది. మీ బాబుకి ఎక్కం ఒక పాటలా వచ్చింది. పాటని మధ్య చరణంలోంచి ఎత్తుకోమంటే పెద్దవాళ్ళమే తడబడతాం. ఏడు ఎనిమిదులు అంటే ఎనిమిదేసి చొప్పున ఏడు వరసలని వాడు కళ్ళతో చూసి ఉండడు. చూసిన పిల్లాడైతే మర్చిపోయినా మళ్ళీ కట్టుకోగలడు.

చింతపండు పిక్క తీసినప్పుడు ఆ పిక్కలు పారేయకుండా కడిగి ఎండబెట్టండి. ఓ వంద ఉంటే మూడో తరగతి గుణకారమంతా నడిచిపోతుంది. వాడి చేతే నేల మీద నాలుగేసి పిక్కలు మూడు వరసలు పేర్పించండి. వరసలు తిన్నగా ఉండాలి. పై వరస పిక్కకి సరిగ్గా కిందే కింది వరస పిక్క రావాలి. అప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: వరసకి ఎన్ని? ఎన్ని వరసలు? "నాలుగేసి, మూడు వరసలు" అని వాడన్నాక, "అంటే మూడు నాలుగులు" అని మీరు చెప్పి, పలక మీద 3 × 4 అని రాయించండి.

"మొత్తం ఎన్ని?" అని మాత్రం తొందరపడి అడక్కండి. చాలామంది తల్లిదండ్రులు, కొందరు టీచర్లు కూడా పేర్చీ పేర్చగానే అదే అడుగుతారు. పిల్లాడు ఒక్కో పిక్క మీదా వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పన్నెండు దాకా వెళ్తాడు. జవాబు సరిగ్గానే వస్తుంది, అందరూ సంతోషిస్తారు. వాడు చేసింది మాత్రం ఒకటో తరగతి పని. ఆ పిక్కలు వరసల్లో ఉన్నా, కుప్పగా పోసి ఉన్నా వాడికి తేడా లేదు. వరస మొత్తాన్ని ఒకే ముక్కగా, "ఒక నాలుగు"గా చూసినప్పుడే గుణకారం మొదలవుతుంది. వరసలు పేర్పించినంత మాత్రాన గుణకారం చెప్పేశామని అనుకోవడం పెద్ద పొరపాటు. నేను క్లాసులో పిల్లల జవాబుల కన్నా వాళ్ళ పెదాలే ఎక్కువ గమనించేదాన్ని. పెదాల మీద "నాలుగు, ఎనిమిది, పన్నెండు" ఆడుతోందా, "ఒకటి, రెండు, మూడు" ఆడుతోందా? రెండోదైతే ఆ పిల్లని ముందుకి తీసుకెళ్ళేదాన్ని కాదు.

ఆ అలవాటు మాన్పించడానికి ఒక అట్టముక్క చాలు. పిక్కలన్నీ కప్పేసి, పైనుంచి ఒక్కో వరసే తెరుస్తూ, తెరిచిన ప్రతిసారీ "ఇప్పటికి ఎన్ని?" అని అడగండి. అది కుదిరాక, పై వరస, ఎడమ వైపు నిలువు వరస మాత్రమే కనబడేలా లోపలి పిక్కలన్నీ కప్పేసి అడగండి. లోపలివి కనబడవు గనక వేలు పెట్టి లెక్కించడానికి వీలుండదు. వరసని ముక్కగా పట్టుకోక తప్పదు. ఈ ఒక్క మెట్టు దగ్గర వారం పట్టినా, రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి.

తర్వాత ఏడు ఎనిమిదులకి రండి. ఎనిమిదేసి చొప్పున ఏడు వరసలు పేర్పించి, అయిదో వరస కింద ఒక చీపురుపుల్ల అడ్డంగా పెట్టించండి. పుల్లకి పైన అయిదు ఎనిమిదులు, 40. కింద రెండు ఎనిమిదులు, 16. కలిపితే 56. ఒకసారి చూపించాక పుల్ల వాడి చేతికి ఇచ్చేయండి. ఎక్కడ పెట్టాలో వాడే తేల్చుకోవాలి. కొందరు పిల్లలు నాలుగో వరస కింద పెట్టి 32, 24 అంటారు. అదీ 56కే వెళ్తుంది, "ఇలా కాదు" అనకండి. తొమ్మిది ఎనిమిదులకైతే పది వరసలు పేర్చి ఒక వరస తీసేయడమే సులువు. 80లోంచి 8 పోతే 72.

మీకు ధైర్యం రావడానికి ఒక లెక్క చెప్తాను. ఒకటి నుంచి పది ఎక్కాల్లో మొత్తం 100 గుణకారాలున్నాయి. పేర్చిన పిక్కల్ని పక్కనుంచి చూస్తే 3 × 8, 8 × 3 ఒకటేనని పిల్లాడికి తెలిసిపోతుంది. దాంతో 55 మిగులుతాయి. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు దాదాపు అందరికీ ముందే వచ్చేస్తాయి. అవి తీసేస్తే 21. మూడు అంటే రెండు వరసల మీద ఇంకో వరస. నాలుగు అంటే రెండింతలకి రెండింతలు. తొమ్మిది అంటే పదికి ఒక వరస తక్కువ. ఇవీ పక్కన పెడితే కష్టపడాల్సినవి ఆరే మిగులుతాయి: 6 × 6, 6 × 7, 6 × 8, 7 × 7, 7 × 8, 8 × 8. మీరూ బాబూ రాత్రిపూట పోట్లాడుకుంటున్నది ఈ ఆరింటి కోసమే.

ఇదంతా అయ్యాక ఎక్కాలు మళ్ళీ చదివించండి. నోటికి రావడం కూడా కావాలి. నాలుగో తరగతిలో భాగహారం చేసేటప్పుడు ప్రతిదానికీ పిక్కలు పేరుస్తూ కూర్చోలేం కదా. కానీ అప్పజెప్పించేటప్పుడు వరసగా కాకుండా కలిపి కొట్టి అడగండి, తట్టనప్పుడు "ఎక్కడ పుల్ల పెడతావు?" అనండి. రోజుకి పావుగంట చాలు, అదీ అన్నం తినకముందు. నిద్ర కళ్ళతో కూర్చున్న పిల్లాడికి ఏ పద్ధతీ పనిచేయదు.

ఓ తండ్రి, విజయనగరం

మా పాప రెండో తరగతి. "3 × 4కి బొమ్మ గీయండి" అని పరీక్షలో ఇస్తే మూడేసి చుక్కలు నాలుగు వరసలు గీసింది. ఇంటూ కొట్టి సున్నా వేశారు. ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఎలా గీసినా పన్నెండే కదా మేడమ్? నేను వెళ్ళి అడగనా?

వెళ్ళండి, కానీ పాపని వెంటబెట్టుకుని వెళ్ళకండి. తన ముందు టీచర్ని తప్పు పడితే రేపు ఆ క్లాసులో కూర్చోవలసింది తనే.

మన పుస్తకాల్లో మామూలుగా 3 × 4 అంటే నాలుగేసి చొప్పున మూడు వరసలు. టీచరు ఆ ప్రకారం దిద్ది ఉంటారు. ఆ ఏర్పాటు పిల్లలకి చెప్పడంలో తప్పు లేదు. నేనైతే సున్నా వేసేదాన్ని కాదు. పిల్లని దగ్గరికి పిలిచి "నీ బొమ్మలో వరసకి ఎన్ని, ఎన్ని వరసలు?" అని అడిగేదాన్ని. "మూడేసి, నాలుగు వరసలు" అని చెప్పగలిగితే ఆ పిల్లకి గుణకారం వచ్చినట్టే. అప్పుడు కాగితాన్ని పక్కకి తిప్పి చూపిస్తే నాలుగేసి చొప్పున మూడు వరసలు తన బొమ్మలోనే కనిపిస్తాయి. రెండో తరగతిలో ఒక పిల్ల తెలుసుకోగలిగిన గొప్ప సంగతుల్లో అదొకటి. సున్నా వేస్తే ఆ సంగతి దాచేసినట్టవుతుంది.

అయితే "ఎలా గీసినా ఒకటే" అని మీరు పాపకి చెప్పేయకండి. మొత్తం ఒకటే, పరిస్థితి ఒకటి కాదు. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు ఇడ్లీలు ప్లేటుకి మూడేసి నాలుగు ప్లేట్లలో పెడితే అందరికీ వస్తాయి. నాలుగేసి మూడు ప్లేట్లలో పెడితే పన్నెండు ఇడ్లీలూ అయిపోతాయి, ఒకరు ఊరికే కూర్చుంటారు. ఇది ఇంట్లో నిజంగా ప్లేట్లు పెట్టించి చూపించండి. పై తరగతుల్లో మాటల లెక్కలు వచ్చినప్పుడు ఈ తేడా చాలా అవసరపడుతుంది.

ఓ తాతగారు, నరసన్నపేట

అమ్మా, నా వయసు 78. మా రోజుల్లో ఇరవై ఎక్కాలు, ఆ పైన పావు, అర, ముప్పావు ఎక్కాలు నోటికి చెప్పించేవారు. సంతలో కాగితం ముట్టకుండా లెక్క కట్టేవాళ్ళం. ఇప్పుడు మా మనవరాలి నోటు పుస్తకం నిండా చుక్కలూ గడులే. ఎక్కం చదవమంటే "తాతా, గీసుకుంటా" అంటుంది. ఈ కొత్త చదువుల వల్ల పిల్లలు మందబుద్ధులు అయిపోరా?

నమస్కారం బాబుగారూ. మీ నోటిలెక్క మీద నాకు చాలా గౌరవం. ముప్పావు ఎక్కం తెలిసిన మనిషిని తూకంలో మోసం చేయడం ఎవరి తరమూ కాదు. ఆ వేగం మీ మనవరాలికీ రావాలి. కానీ ఆ అమ్మాయి గీసే గడులు కొత్తవి అనుకోకండి. భాస్కరాచార్యులు 1150లో రాసిన లీలావతిలో 135ని 12తో గుణించమని ఒక లెక్క ఉంది. అది చేయడానికి చెప్పిన దారుల్లో ఒకటి 12ని 8గా, 4గా విడగొట్టడం. 135 ఎనిమిదులు 1080, 135 నాలుగులు 540, కలిపితే 1620. మీ మనవరాలు గడుల మధ్యలో గీత పెట్టి చేస్తున్నదీ ఆ విడగొట్టడమే. సంతలో మీరు పదిహేడు ఆరులు కట్టాల్సి వస్తే పది ఆరులు అరవై, ఏడు ఆరులు నలభై రెండు అని లోపల అనుకున్న సందర్భాలు ఉండే ఉంటాయి. ఆ లోపలి పనిని పిల్ల కాగితం మీద చేస్తోంది.

మీరొక సాయం చేయగలరు. ఇంట్లో వామనగుంటల పీట ఉంటే తీయండి. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. గుంటకి అయిదేసి పిక్కలు పోసి, ఆట మొదలెట్టే ముందు మొత్తం ఎన్నో చెప్పమనండి. ఒక వైపు ఏడు అయిదులు 35, రెండో వైపు ఇంకో 35 అంటుందో, పద్నాలుగు గుంటలు అయిదేసి అంటుందో చూడండి. 24 పిక్కలు నాలుగు సమాన వరసలుగా పేర్పించి, అందులో ఒక వరస పావు, రెండు అర, మూడు ముప్పావు అని చూపిస్తే మీ పావు, ముప్పావు ఎక్కాలు కూడా ఆ పిల్లకి అందుతాయి. బడిలో అవి చెప్పేవాళ్ళు ఇప్పుడు తక్కువ. మీరు చెప్పండి.

ఓ ఉపాధ్యాయుడు, మందస మండలం

మేడమ్, నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి అయిదు వరకూ అందరూ ఒకే గదిలో. పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. నా తెలుగు వివరణ సగం మందికి అందడం లేదు. చార్టులు, కిట్లు కొనే స్థోమత బడికి లేదు. గుణకారం ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు?

మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు లోటు అనుకుంటున్న రెండింట్లో ఒకటి అసలు లోటు కాదు. వరసల పద్ధతికి మాటలు తక్కువ చాలు. మీరు పేర్చండి, వాళ్ళు పేరుస్తారు. మీరు పుల్ల పెట్టండి, వాళ్ళు పెడతారు. "వరస", "చొప్పున", "మొత్తం" అనే మూడు మాటలకి సవరలో ఏమంటారో పెద్దపిల్లల్నే అడిగి, తెలుగు లిపిలో గోడ మీద రాసుకోండి. మొదటి నెల ఆ మాటలతోనే అడగండి. మీ ఉచ్చారణ సరిగ్గా లేకపోతే పిల్లలు దిద్దుతారు. దిద్దనివ్వండి, వాళ్ళకి నోరు విప్పే అవకాశం అదే. అంకెలు కూడా ముందు వాళ్ళ భాషలో, తర్వాత తెలుగులో.

ఇక సామాను. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్ట ట్రేలు మీ బడిలోనూ ఉంటాయి. ఒక ట్రేలో 30 గుంటలు, అయిదు వరసలు, వరసకి ఆరు. ఇంతకన్నా మంచి గుణకారం పరికరం దుకాణంలో దొరకదు. వరసలు ముందే తిన్నగా ఉన్నాయి, పిక్క వేస్తే దొర్లిపోదు, కత్తెరతో కావలసినంత ముక్క కోసుకోవచ్చు. నాలుగైదు ఖాళీ ట్రేలు శుభ్రం చేసి ఎండలో పెట్టండి. ఒకటి అలాగే ఉంచి, మిగతావి 3 × 4, 2 × 6, 5 × 5, 4 × 5 ముక్కలుగా కోయించండి. పాత వాటి బదులు కొత్త ట్రేలు వస్తూనే ఉంటాయి గనక చిరిగితే బెంగ లేదు.

అయిదు తరగతులు ఒకే గదిలో ఉండడం దీనికి కలిసి వస్తుంది. ఒకే ట్రే మధ్యలో పెట్టి అందరినీ చుట్టూ కూర్చోబెట్టండి. ఒకటో తరగతి పిల్లలు గుంటకో పిక్క వేస్తూ 30 దాకా లెక్కపెడతారు. రెండో తరగతి వాళ్ళు వరస వరసకీ చప్పట్లు కొడుతూ ఆరు, పన్నెండు, పద్దెనిమిది అంటారు. మూడో తరగతి వాళ్ళు పలక మీద 5 × 6 రాసి, ట్రే తిప్పాక 6 × 5 రాస్తారు. నాలుగో తరగతి వాళ్ళకి ప్రశ్న తిరగేయండి: 30 గుడ్లున్నాయి, వరసకి ఆరు పడతాయి, వరసలెన్ని? అదే భాగహారం. కొత్త పాఠంలా చెప్పనక్కర్లేదు, అదే ట్రేని వెనక నుంచి చూడడం. అయిదో తరగతి వాళ్ళు ట్రే అచ్చు గళ్ళ కాగితం మీద గీసి వైశాల్యం కడతారు. మూడో తరగతి పిల్ల తన పని అయ్యాక నాలుగో తరగతి ప్రశ్న చెవిన వేసుకుంటూ కూర్చుంటుంది. ఆ వినడం వల్ల వచ్చే లాభం వేరు వేరు గదులున్న పెద్ద బడుల్లో దొరకదు.

ఒక జాగ్రత్త. మీ వైపు జీడితోటలు ఎక్కువ కదా, పిల్లలు జీడిపిక్కలు తెచ్చిపెడతారు. పచ్చి జీడిపిక్కలు వాడొద్దు. పెంకులోని జీడి తగిలితే చర్మం పొక్కుతుంది, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. చింతపిక్కలు, గులకరాళ్ళు, సీసా మూతలు చాలు. ఒకటో తరగతి వాళ్ళ చేతికి చింతపిక్కలు ఇచ్చినప్పుడు కూడా ముక్కులో, నోట్లో పెట్టుకోకుండా ఒక పెద్దపిల్లని పక్కన కూర్చోబెట్టండి.

వీలైతే ఒక రోజు పిల్లల్ని తీసుకుని కింద ఉద్దానం వైపు ఒక కొబ్బరితోటకి వెళ్ళండి. వరసకీ వరసకీ, చెట్టుకీ చెట్టుకీ దాదాపు పాతికేసి అడుగుల ఎడం పెట్టి నాటిన తోటలో నిలబడితే అటు చూసినా ఇటు చూసినా వరసలే. వరసకి ఎనిమిది చెట్లు, ఆరు వరసలు అనుకుంటే 48. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటల్లో ఎన్నో చెట్లని పడగొట్టింది. చాలా తోటల్లో వరసల మధ్య ఖాళీలో, కొత్త మొక్కలో కనిపిస్తాయి. "ఇక్కడ నాటినవి ఎన్ని, ఇప్పుడున్నవి ఎన్ని?" అని అడగండి. పిల్లలు ముందు మొత్తం వరసలు గుణించి, తర్వాత ఖాళీలు తీసేస్తారు. రెండు మెట్ల లెక్క అది. పుస్తకంలో చూస్తే భయపడే పిల్లలు కూడా తోటలో పరిగెత్తుతూ చేసేస్తారు.

ఓ గృహిణి, టెక్కలి

ఫోన్‌లో ఎక్కాల పాటలు, బొమ్మల వీడియోలు బోలెడున్నాయి. అవి చాలవా?

పాట వినిపించండి, నోటికి రావడానికి పనికొస్తుంది. వరసలు మాత్రం పిల్ల చేత్తోనే పేర్చాలి. వీడియోలో చుక్కలు వాటంతటవే వచ్చి నిలబడతాయి, ఎక్కడ విరవాలో కూడా అదే చెప్పేస్తుంది. ఆలోచించాల్సిన పనంతా ఫోనే చేసేస్తే పిల్లకి మిగిలేది చూడడమే.

నాలుగో తరగతి అమ్మాయి, చీపురుపల్లి మండలం

టీచర్ గారూ, నాకు ముగ్గులంటే ఇష్టం. 12 చుక్కలతో చాలా రకాల వరసలు వచ్చాయి. 13 చుక్కలతో ఎన్నిసార్లు వేసినా ఒక్కటి మిగిలిపోతోంది. నేను తప్పు వేస్తున్నానా?

అమ్మడూ, నువ్వు తప్పు వేయలేదు. 13 అలాంటి అంకే. అన్నీ కలిపి ఒకే పొడుగు వరసగా తప్ప అది నిలబడదు. 12 అయితే ఒక వరసలో 12, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి వస్తాయి. 13 లాంటి అంకెలకి పెద్ద తరగతుల్లో ఒక పేరు చెప్తారు, ప్రధాన సంఖ్యలు అని. పేరు తెలియకముందే నువ్వు ఒకదాన్ని పట్టుకున్నావు, నాకు ఎంత సంతోషమో!

ఇప్పుడు నీకొక పని. 2 నుంచి 30 వరకూ ఒక్కో అంకెకీ చుక్కలు పెట్టి చూడు. ఏవి 13 లాగా ఒకే వరసలో ఉండిపోతాయో ఒక పక్క రాయి. ఏవి నాలుగు పక్కలా సమానంగా, చదరంగా నిలబడతాయో ఇంకో పక్క రాయి. 4 అలా నిలబడుతుంది, తర్వాత 9. ఆ తర్వాత ఏది? 30 లోపల అన్నిటికన్నా ఎక్కువ రకాల వరసలు వచ్చే అంకెలు రెండున్నాయి, అవేమిటో కనిపెట్టి నాకు రాయి.

ముగ్గుల గురించి ఒక ముక్క. ఏడు చుక్కలు ఏడు వరసలు తిన్నగా పెడితే ఏడేడులు 49, అది గుణకారం. సందు చుక్క పెట్టి ఏడు నుంచి నాలుగు వరకూ తగ్గిస్తే ఏమవుతుంది? 4, 5, 6, 7, 6, 5, 4 కలిపితే 37. వరసలు సమానంగా లేవు గనక దాన్ని ఒక్క గుణకారంతో చెప్పలేవు, కూడుకోవాలి. సంక్రాంతికి నువ్వు వేసే ముగ్గుల్లో ఏవి గుణకారం ముగ్గులో, ఏవి కూడిక ముగ్గులో మీ అమ్మగారికి చెప్పు.

ఇంటర్ చదివే అక్క, రాజాం

మా తమ్ముడు నాలుగో తరగతి. రెండంకెల గుణకారంలో రెండో వరస జరపడం ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతాడు. 23 × 14కి 92 కింద 23 తిన్నగా రాసి 115 అంటాడు. రెండో వరస చివర ఇంటూ గుర్తు ఎందుకు పెట్టాలని అడిగితే నాకూ చెప్పడం రాలేదు.

తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడమ్మా. "అలా పెట్టాలి అంతే" అని చెప్పకుండా నాకు రాసినందుకు నిన్నూ మెచ్చుకోవాలి.

గళ్ళ నోటు పుస్తకంలో వరసకి 23 గళ్ళు, 14 వరసలు ఉన్న దీర్ఘచతురస్రం గీయించు. పేజీ చాలకపోతే రెండు కాగితాలు అతికించండి. అడ్డంగా 20 గళ్ళ తర్వాత ఒక నిలువు గీత, పైనుంచి 10 వరసల తర్వాత ఒక అడ్డగీత. నాలుగు ముక్కలవుతాయి. 20 × 10, 200. 3 × 10, 30. 20 × 4, 80. 3 × 4, 12. నాలుగూ నాలుగు రంగులు వేయించు. మొత్తం 322.

ఇప్పుడు మామూలు పద్ధతిలో చేసిన లెక్క పక్కన పెట్టు. 92 ఎక్కణ్ణుంచి వచ్చింది? కింది రెండు ముక్కలు, 80, 12. రెండో వరస ఎక్కణ్ణుంచి రావాలి? పై రెండు ముక్కలు, 200, 30. అంటే 230. 14లో ఉన్న 1 నిజానికి పది. పదితో గుణించాం గనక 230 వచ్చింది. మీరు పెట్టే ఇంటూ గుర్తు ఆ చివరి సున్నా ఉన్న చోటు. నా మాట వింటే ఓ నెల రోజులు ఆ ఇంటూ గుర్తు మానిపించి సున్నానే రాయించు. గుర్తు పెట్టుకోవలసింది ఒకటి తగ్గుతుంది.

115 అన్నప్పుడు వెంటనే తప్పు అని చెప్పకు. బొమ్మలో 200 ముక్క ఒక్కటే చూపించి "ఇది ఒక్కటే 200 ఉంది కదా, మొత్తం 115 ఎలా అవుతుంది?" అని అడుగు. వాడే చెరిపేసుకుంటాడు. ఇలా పెద్ద ముక్కని చూసి జవాబు సుమారు ఎంతుండాలో ముందే అంచనా వేసే అలవాటు వస్తే పరీక్షలో సగం తప్పులు వాడికే దొరికిపోతాయి. బొమ్మ జీవితాంతం గీయక్కర్లేదు. పది లెక్కలయ్యాక కొలత లేకుండా ఉత్త నాలుగు గదుల పెట్టె గీస్తే చాలు, ఆ తర్వాత అదీ అవసరం ఉండదు.

ఓ ట్యూషన్ మాస్టారు, ఆమదాలవలస

6 × 0 అంటే పిల్లలు 6 అంటున్నారు. లేని పిక్కల్ని వరసల్లో ఎలా చూపించాలి?

ఆరు గీతలు గీయించండి, అవి వరసలు. గీతకి మూడేసి పిక్కలు పెట్టించి 6 × 3, 18. ప్రతి గీత మీంచీ ఒక్కో పిక్క తీయించండి, 6 × 2, 12. మళ్ళీ ఒక్కోటి, 6 × 1, 6. మళ్ళీ ఒక్కోటి తీస్తే గీతలు ఆరూ ఉన్నాయి, పిక్క ఒక్కటీ లేదు. అది 6 × 0. తీసిన ప్రతిసారీ ఆరు తగ్గడం వాళ్ళే చూస్తారు గనక సున్నా దగ్గర వాదించరు. 6 అంటున్న పిల్లలు 6 + 0తో కలిపేసుకుంటున్నారు. పలక మీద రెండూ పక్కపక్కన రాయించి, రెండిటికీ పిక్కలు పెట్టించండి.

వచ్చే సంచికకి భాగహారం, శేషం మీద ప్రశ్నలు పంపండి. ఉత్తరంతో పాటు పిల్ల ఏ తరగతో, తను చేసిన లెక్క ఒకటి ఎలా చేసిందో అలాగే, దిద్దకుండా రాసి పంపితే నాకు జవాబు చెప్పడం సులువవుతుంది.